టీవీ తగ్గించండ్రా!

బొత్తాల ఫ్యాక్టరీ వెనక సందులోకి చీకటి పడ్డాక ఎవరూ వెళ్ళరు.

ఫ్యాక్టరీ మూతపడి చాలా కాలమైంది. సందులో మిగిలినవి కొన్ని పాత మేడలు. వాటిలో ఆ చివరిది... దాని పైవాటా... అక్కడుంది అసలు సంగతి. వాకిట్లో బూట్ల జత ఉంటుంది, మనిషి ఉండడు. కిటికీలో తెల్లటి ఆకారం చేతులు బార్లా చాపుతుంది. ఆ తర్వాత ఏడుపు... మగో ఆడో తెలియని ఏడుపు. మూడుసార్లు ఏడ్చి ఆగిపోతుంది. ఉత్తరాలు పంచే మనిషి ఆ మేడ దగ్గర సైకిలు దిగడట, నడుస్తున్న సైకిలు మీంచే విసిరేసి పోతాడట. కుక్కల్ని షికారు తిప్పేవాళ్ళు సందు మొదట్లోనే వెనక్కి తిరుగుతారట. కుక్కలు మాత్రం లోపలికే లాగుతాయట, అది వేరే విషయం.

ఇదంతా నేను చూసి చెప్తున్నది కాదు. నేను ఆ దేశమే చూళ్ళేదు. నాకు లాయరు చెప్పాడు.

లాయరంటే నల్లకోటు లాయరు కాదు. నీళ్ళ మోటార్లు అమ్మే కంపెనీలో పని వాడికి. చిన్నప్పట్నుంచీ ప్రతిదానికీ అడ్డుప్రశ్నలు వేస్తాడని మేం పెట్టిన పేరది. వాడితో ఒక సౌకర్యం ఉంది. అబద్ధం ఆడితే వాడి ముక్కు మీద చెమట పడుతుంది. ఎంత చలిలోనైనా సరే. అందుకని ఈ కథ చెప్తున్నంతసేపూ నేను వాడి కళ్ళలోకి చూళ్ళేదు, ముక్కు వంకే చూస్తూ కూర్చున్నాను.

ఇక రెండోవాడు దొర. మాతోనే చదివాడు. పైచదువుకని ఆ దేశం వెళ్ళి రెండేళ్ళయింది. మనిషి బక్కపలచన, మాటలు మాత్రం కోటలు దాటతాయి. ఫోన్ చేస్తే చాలు, మొదలెట్టేవాడు. సరస్సుకి ఎదురుగా ఫ్లాటట. నలుగురు రూమ్మేట్లట, ప్రాణం పెడతారట. వీధిలోకొస్తే జనం పలకరించకుండా వదలరట. మధ్యమధ్యలో ఫోన్ పక్కకి పెట్టి, "ఒరేయ్, టీవీ తగ్గించండ్రా!" అని అరిచేవాడు. ఆ నలుగురూ ఎంత మంచివాళ్ళోగానీ, వీడు అరవకముందే తగ్గించేసేవాళ్ళు. మాకు టీవీ ఒక్కసారి కూడా వినపడలేదు.

వీడియో పెట్టరా అంటే, సిగ్నల్ లేదనేవాడు.

మేం నమ్మాం. దొర అక్క నమ్మలేదు. ఆవిడ బట్టలు కుట్టే షాపు నడుపుతుంది. టేపు పెట్టకుండానే మనిషి కొలత చెప్పేస్తుంది. తమ్ముడి గొంతు విని కూడా ఏదో కొలత తీసినట్టుంది. లాయరుని కంపెనీవాళ్ళు మోటార్ల ప్రదర్శనకి ఆ ఊరే పంపుతున్నారని తెలిసి, పిలిపించుకుంది.

"వాడి గది కళ్ళారా చూడు. నలుగురున్నారంటాడు, ఒక్కడి గొంతూ ఎప్పుడూ వినపడదు. ఎవరూ లేకుండా ఒక్కడే పడున్నాడని తెలిసిందా, చదువూ వద్దు గిదువూ వద్దు. నాకు ఫోన్ చెయ్యి, టికెట్ నేను పెడతా, చెవి పట్టుకుని తీసుకొచ్చెయ్."

ఇంకొక్క ఆర్నెల్లుంటే చదువు పూర్తవుతుంది దొరకి. కానీ అక్క అన్నదంటే అన్నదే. ఆవిడ మాటకి ఆ ఇంట్లో అప్పీలు లేదు. మాట చెప్పి, ఒక సంచి కూడా చేతికిచ్చింది. అందులో స్వెట్టరు, మందులు, కుక్కర్‌కి కొత్త రబ్బరు.

ఆ ఊళ్ళో రైలు దిగగానే లాయరు దొరతో అన్న మొదటి మాట, "ముందు నీ రూమ్‌కి పోదాం పద."

"రూమ్‌లో ఏముంటుందిరా గాడిదగుడ్డు! ఊరు చూడు ముందు," అని దొర సంచి లాక్కుని భుజానికి తగిలించుకున్నాడు.

ఊరు చూపించాలంటే ఊరు తెలియాలి కదా. దొరకి తెలిసింది మూడే చోట్లు — యూనివర్సిటీ, రాత్రిపూట పనిచేసే హోటల్ కింద బట్టలుతికే గది, పడుకునే రూమ్. గానుగెద్దుకి ఊరెంత తెలుసో వాడికీ అంతే తెలుసు. అయినా మేకపోతు గాంభీర్యం ఒకటుందిగా, ముందు నడిచాడు.

స్తంభాలున్న పెద్ద భవనం కనపడింది. "ఇది రాజుగారి కోట," అన్నాడు దొర.

అంతలో లోపల్నుంచి ఒకాయన నీళ్ళ మీటరు చంకలో పెట్టుకుని తిట్టుకుంటూ బయటికొచ్చాడు.

"రాజుగారి మీటరు పాడైనట్టుందిరా," అన్నాడు లాయరు.

కాస్త ముందుకెళ్తే ఒక రాతి విగ్రహం. చేతిలో చుట్టిన కాగితం. "ఈ ఊరు కట్టించింది ఈయనే." సరే అన్నాడు లాయరు. కుడికి తిరిగారు, ఎడమకి తిరిగారు, వంతెన ఎక్కి దిగారు, మళ్ళీ అదే విగ్రహం. "ఇది ఆయన తమ్ముడు," అన్నాడు దొర. మళ్ళీ తిరిగారు. మళ్ళీ అదే కాగితం, అదే ముక్కు.

"ఈయన మనకంటే ముందే నడిచొచ్చి నిలబడుతున్నాడేంట్రా?" అన్నాడు లాయరు. "అవునూ, ఊరంతా నిన్ను పలకరిస్తారన్నావ్. పొద్దున్నించి ఒక్కడూ నోరు విప్పడేం?"

"చలిరా. నోరు తెరిస్తే పళ్ళు గడ్డకడతాయి."

సాయంత్రం నాలుక్కే చీకటి పడిపోయింది. అక్కడ చలికాలం అంతేనట. దెయ్యాలకి కూడా డ్యూటీ తొందరగా మొదలవుతుందన్నమాట. లాయరు కాళ్ళు పీకుతున్నాయి. రూమ్ మాటెత్తితే దొర కొత్త వీధి ఎత్తుకుంటున్నాడు. వీడేదో దాస్తున్నాడని లాయరుకి అప్పటికే అర్థమైపోయింది.

అప్పుడు కనపడింది ఆవిడ. విగ్రహం కింద, నల్లగొడుగు వేసుకుని, చేతిలో లాంతరుతో. చుట్టూ పదిమంది జనం. ఊళ్ళో దెయ్యాలున్న చోట్లన్నీ తిప్పి చూపించే గైడట.

"నీకంటే ఈవిడ నయం," అని లాయరు వెళ్ళి ఆ గుంపులో కలిసిపోయాడు.

దొరకీ హాయిగా అనిపించింది. గంటసేపు గడిచిపోతుంది, తర్వాత వీణ్ణి నేరుగా వాడి హోటల్లో దింపెయ్యొచ్చు. పైగా లాయరుకి అక్కడి భాష రాదు. ఆవిడ చెప్పింది చెప్పినట్టు చెవిలో తెలుగులో చెప్తానన్నాడు.

మొదట వంతెన. అక్కడ తల లేని బండివాడు గుర్రబ్బండి తోలుతాడట. దొర కాస్త ఉప్పూకారం కలిపి మరీ చెప్పాడు.

"తల లేకపోతే దారెలా తెలుస్తుందిరా?"

"గుర్రానికి ఉందిగా తల."

తర్వాత ఒక పాత బావి. అదీ బాగానే జరిగింది. అప్పుడు గైడు లాంతరు తగ్గించి, గొంతు కూడా తగ్గించి... "ఇప్పటిదాకా మీరు విన్నవి పాత దెయ్యాలు. ఇప్పుడు చూడబోయేది... కొత్తది," అంది. జనం ఒకరి పక్కకి ఒకరు జరిగారు. ఆవిడ మలుపు తిరిగింది. ఇంకో మలుపు తిరిగింది.

దొర ఆగిపోయాడు.

"ఒరేయ్ లాయరూ... ఇటొద్దురా... ఇక్కడ కాలవలు తవ్వుతున్నారు."

ఎదురుగా బొత్తాల ఫ్యాక్టరీ. దాని వెనక సందు. చివర మేడ. ఆ మేడ పైవాటా... దొర గది.

సరస్సు లేదు. ఫ్లాటూ లేదు. కప్పు కింద ఏటవాలుగా ఉన్న ఒకే ఒక్క గది. తిప్పితిప్పి ఎక్కడికి రాకూడదనుకున్నాడో, ఆవిడ లాంతరు పట్టుకుని మరీ అక్కడికే తెచ్చి నిలబెట్టింది.

గైడు అసలేం చెప్పిందో దొర తర్వాత ఒప్పుకున్నాడు. లాయరుకి మాత్రం అప్పుడు వేరేగా వినిపించాడు. రెండూ కలిపి చెప్తాను.

"రెండేళ్ళుగా ఆ గదిలోకి ఎవరూ వెళ్ళడం చూసినవాళ్ళు లేరు... ఎవరూ రావడమూ చూళ్ళేదు," అంది గైడు. "కానీ తెల్లవారబోయే ముందు... ఇదిగో ఈ వాకిట్లో... బూట్లు వచ్చి నిలబడతాయి. ఖాళీ బూట్లు. మెట్ల మీద మాత్రం... చప్పుడు లేని అడుగులు."

దొర రాత్రంతా పనిచేసి ఆ వేళకే ఇల్లు చేరతాడు. మెట్లు చెక్కవి. అందరూ నిద్రపోతుంటారు, పాపం లేస్తారేమోనని బూట్లు కింద వాకిట్లోనే విప్పి, మునివేళ్ళ మీద ఎక్కుతాడు. చెప్పులేసుకుని గుమ్మం దాటడం ఎలాగూ అలవాటు లేదు. ఆ మర్యాదే వాడి కొంప ముంచింది.

"ఏమంటోందిరా?" అన్నాడు లాయరు.

"ఇక్కడ పూర్వం... చెప్పుల కొట్టు ఉండేదట."

గైడు గొడుగు పక్కనపెట్టి చేతులు రెండూ బార్లా చాపింది. దగ్గరికి తెచ్చింది. మళ్ళీ చాపింది. "తెల్లటి ఆకారం... కిటికీలో... లేని మనిషిని కావిలించుకుంటున్నట్టు..."

హోటల్లో పెద్ద దుప్పట్లు ఒక్కడే మడతపెట్టాలి. దొరకి చేయి తిరగలేదని మేస్త్రీ రోజూ తిడుతుంటే, ఇంట్లో కిటికీ దగ్గర నిలబడి తన దుప్పటితో సాధన చేసేవాడు. తెల్ల యూనిఫాం విప్పకుండానే.

"ఈ వీధి జనం వ్యాయామం బాగా చేస్తారట."

గైడు తల వెనక్కి వాల్చి, కళ్ళు మూసి, గొంతెత్తింది. "హూఊఊ..." ఆగి, మళ్ళీ. ఆగి, మళ్ళీ. గుంపులో ఒకావిడ మొగుణ్ణి గట్టిగా పట్టుకుంది.

మూడు కూతలకి కుక్కర్ దించెయ్యాలని అక్క నేర్పిన లెక్క. రబ్బరు అరిగిపోయాక అది కూత వెయ్యడం మానేసి మూలుగుతోంది.

"రైలొస్తోందట," అన్నాడు దొర.

"రైలొస్తే ఆవిడ మొగుణ్ణెందుకు పట్టుకుంది?"

"రైలంటే భయమేమో."

"ఆ తర్వాత పొగ..." అంది గైడు. "గొంతు మండే పొగ. సందంతా దగ్గుతుంది. ముసలీముతకా మంచాల మీంచి లేచి కూర్చుంటారు. అది మామూలు పొగ కాదు..." అని తనే ఖళ్ళుఖళ్ళున దగ్గి చూపించింది. అది పోపులో ఎండుమిరపకాయ మాడిన పొగ. దొర ఎప్పుడూ మాడుస్తాడు.

"జలుబట పాపం."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, దొర అప్పటికే మెడలోని మఫ్లర్ కళ్ళదాకా చుట్టేసుకున్నాడు. లాయరు వాణ్ణి ఎగాదిగా చూస్తున్నాడు. ఇంకొక్క నిమిషం గడిస్తే గట్టెక్కేవాడే.

కానీ గైడు ఇంకా ఆపలేదు.

"అన్నిటికంటే ఘోరం... గొంతు," అంది. "ఆ గదిలో అది ఒక్కతే మాట్లాడుతుంది. కనపడని వాళ్ళతో. నవ్వుతుంది. కోప్పడుతుంది. ఏ భాషో ఎవరికీ తెలియదు. కింది వాటాలో ఉండే పెద్దావిడ రెండేళ్ళు వినీ వినీ... ఆ మంత్రం నాకు నేర్పింది. జాగ్రత్త... మీరు పైకి అనకండి."

లాంతరు మొహానికి దగ్గరగా పెట్టుకుంది. సందంతా నిశ్శబ్దం. ఆవిడ మెల్లగా... గొంతులోంచి... ఒక్కో ముక్కా కూడబలుక్కుని...

"ఓ... రే... య్... టీ... వీ... తగ్... గిం... చం... డ్రా..."

జనం ఒక్కడుగు వెనక్కి వేశారు. టోపీ పెట్టుకున్న లావుపాటాయన, అది మూడువేల ఏళ్ళ నాటి శాపమని పక్కవాళ్ళకి చెప్తున్నాడు.

"అక్... కా... మేం... అం... దరం... బా... గు... న్నాం..."

దీన్ని మాత్రం దొర తెలుగులోకి మార్చలేకపోయాడు.

"నాకు నవ్వు రావాలిరా అప్పుడు," అన్నాడు లాయరు నాతో. "పగలబడి నవ్వాలి. కానీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రెండేళ్ళు... ఒక్కడే కూర్చుని, లేని టీవీని తగ్గించమని, లేనివాళ్ళ మీద అరిచాడు. మనం ఇక్కడ నవ్వుకున్నాం."

లాయరు కళ్ళలో ఆ నీళ్ళు దొర భరించలేకపోయాడు. గుంపుని తోసుకుని ముందుకెళ్ళి, "అమ్మా, ఆ గది నాది. నేను బతికే ఉన్నాను," అని గైడుతో అక్కడి భాషలో చెప్పేశాడు.

"తాగొచ్చి ఎవడో ఒకడు ఇదే మాటంటాడు బాబూ," అంది గైడు జాలిగా.

దొర తాళంచెవి తీసి వీధి తలుపు తెరిచాడు. అలవాటుకొద్దీ బూట్లు విప్పి వాకిట్లో పక్కపక్కనే పెట్టాడు.

ఆ బూట్లు చూసి జనం కెవ్వుమన్నారు. సగంమంది పరుగు. లావుపాటాయన మాత్రం దగ్గరికొచ్చి, "ముట్టుకోవచ్చా?" అని మర్యాదగా అడిగి, దొర చెయ్యి గిల్లి, వెచ్చగా ఉందని నిరాశపడి వెళ్ళిపోయాడు. రెండేళ్ళలో ఆ సందులో వాణ్ణి పలకరించిన మొదటి మనిషి ఆయనే.

గైడు దొరని పక్కకి లాగింది. "సరే, బతికే ఉన్నావు. ఎవరితోనూ అనకు. నాకు ఈ ఊళ్ళో ఇంతకంటే మంచి దెయ్యం లేదు," అంది గుసగుసగా. వెళ్ళబోతూ ఆగింది. "అయితే... మిగతా వాళ్ళు కూడా బతికే ఉన్నారా?"

"ఎవరు?"

"అదే, కిటికీలో ఐదు నీడలు కనపడతాయిగా. నువ్వు పోను... మిగతా నలుగురు."

ఆవిడ వ్యాపారం ఆవిడదనుకుని దొర తల ఊపేశాడు.

గది లాయరు కళ్ళారా చూశాడు. ఒక మంచం. ఒక కుర్చీ. ఒక కంచం, ఒక గ్లాసు. గోడకి అక్క ఫోటో. స్టవ్ మీద కుక్కర్. మూలనున్న పుస్తకాల దొంతర పడిపోకుండా ఇస్త్రీపెట్టె ఆనించి ఉంది. రెండడుగులేస్తే కప్పు తలకి తగులుతుంది. ఎదుటి గోడ తప్ప కిటికీలోంచి ఏమీ కనపడదు.

"నలుగురూ ఏర్రా?" అన్నాడు లాయరు, ఊరికే అడిగినట్టు.

దొర చాలాసేపు సంచిలోంచి రబ్బరు బయటికి తియ్యడంలో మునిగిపోయినట్టు నటించాడు. చివరికి అన్నాడు: "మొదటి నెల్లో అక్క ఫోన్లో ఏడ్చిందిరా. ఒక్కడివే ఎలా ఉంటావ్ అని. ఒక్కణ్ణే కాదులే అన్నా. ఎంతమంది అంది. నలుగురన్నా. తర్వాత... వాళ్ళని ఎలా ఖాళీ చేయించాలో తెలీలేదు."

"నన్ను చూసి రమ్మంది."

"తెలుసు. ఒక్కణ్ణని చెప్తే రేపే టికెట్ పెడుతుంది. ఆర్నెల్లురా... ఇంకొక్క ఆర్నెల్లు. నీ కాళ్ళు పట్టుకుంటా."

"నాకు ముక్కు చెమట పడుతుంది కదరా," అన్నాడు లాయరు దీనంగా.

"ఫోన్లో ముక్కు కనపడదు!"

"గొంతుకి కూడా పడుతుంది నాకు."

కుక్కర్‌కి కొత్త రబ్బరు పెట్టి, బియ్యం కడిగి పోసి, దొర స్టవ్ మీద పెట్టాడు. ఇద్దరూ మంచం మీద కూర్చున్నారు. కాసేపటికి కుక్కర్ నిక్షేపంలా కూతేసింది. ఒకటి. రెండు. మూడు. సందులో ఎక్కడో ఒక కిటికీ దబ్బున మూసుకుంది. దొర స్టవ్ ఆపాడు.

ఫోన్ మోగింది. అక్క.

లాయరు ఫోన్ తీసి, అక్క మాట ఇద్దరికీ వినపడేలా పెట్టాడు. నుదురు, మెడ, ముక్కు, అన్నిచోట్లా చెమట పట్టేసింది. దొర రెండు చేతులూ జోడించి ఎదురుగా నిలబడ్డాడు.

"చూశావా గది?" అంది అక్క.

"చూశానక్కా..."

"ఉన్నారా నలుగురూ?"

లాయరు దొర వంక చూశాడు. మంచం వంక చూశాడు. ఒక్క కంచం వంక చూశాడు. "అక్కా... అదీ... ఏంటంటే..." మాట పెగల్లేదు. నిజం చెప్పడానికే నోరు తెరిచానని నాతో ఒప్పుకున్నాడు.

"ఆగాగు," అంది అక్క. "చెప్పకు. నాకు తెలిసిపోయిందిలే."

దొర కుర్చీలో కూలబడ్డాడు.

"వాణ్ణి అనవసరంగా అనుమానించాను," అంది అక్క. ఆవిడ గొంతులో అంత చల్లదనం దొర ఎప్పుడూ విని ఎరగడట. "నువ్వు ఫోన్ ఎత్తినప్పట్నుంచీ వెనకాల టీవీ ఒకటే మోత. నేను చూశావా అని అడిగానో లేదో, ఎవరో తగ్గించారు. 'అక్కరా, అక్క' అని ఒకడు ఇంకొకడితో అనడం కూడా వినపడింది. మంచి పిల్లల్లా ఉన్నారు. వాణ్ణి ధైర్యంగా చదువుకోమను. ఆ నలుగురికీ కూడా స్వెట్టర్లు పంపుతాలే."

ఫోన్ పెట్టేసింది.

ఇద్దరూ గది నాలుగు మూలలూ చూశారు. మంచం కింద చూశారు. ఇస్త్రీపెట్టె వెనక కూడా చూశారు. ఆ గదిలో టీవీ లేదు.

అక్క నిజంగానే విందా, లేక లాయరు గొంతు పెగలకపోవడం కొలిచి చూసి, తమ్ముడి పరువు కాపాడిందా అని నేనూ లాయర్లా ఆలోచించాను. మొన్న షాపు మీదుగా వెళ్తూ తొంగిచూస్తే, బల్ల మీద నాలుగు స్వెట్టర్లు మడతపెట్టి ఉన్నాయి. "ఆ పిల్లల కొలతలు ఎలా తెలిశాయక్కా?" అన్నాను. "గొంతులు విన్నాగా," అంది, సూదిలోకి దారం ఎక్కిస్తూ.

దొర ఇప్పుడు అక్కడే ఉన్నాడు. చదువు బాగానే సాగుతోందట. గైడు కనపడితే చెయ్యి ఊపుతోందట. స్వెట్టర్లు వస్తాయన్న మాట మీద గౌరవం కొద్దీ ఇంకో నాలుగు కంచాలు కొన్నాడట. సరదాకి ఒకరోజు ఐదుగురికి సరిపడా అన్నం వండి, కంచాలు పరిచి, స్నానానికి వెళ్ళాడట.

అప్పట్నుంచీ రోజూ ఐదుగురికే వండుతున్నాడు. లాయరు ఈ ముక్క చెప్తున్నప్పుడు ముక్కు మరీ దగ్గరగా చూశాను, పొడిగా ఉంది.

అన్నం మిగలడం లేదట.